ఎవరూ చూడలేదు: కాపర్ టీతో నా రెండేళ్లు

మా ఇంటి ముందు గదిలో నేను జాకెట్లు కుడతాను. కొలతల కోసం తలుపు మూయగానే ఆడవాళ్ళకు ఎక్కడెక్కడి మాటలో గుర్తుకొస్తాయి. నడుముకు టేపు చుట్టగానే "ఇక్కడే నొప్పి" అంటారు. తర్వాత గొంతు తగ్గించి తెల్లబట్ట సంగతి చెబుతారు. కారణం కూడా వాళ్ళే చెప్పేస్తారు: ఆపరేషన్ అయినప్పటి నుంచి, లూప్ వేయించుకున్నప్పటి నుంచి, మూడు నెలల సూది వేయించుకున్నప్పటి నుంచి. పదేళ్లుగా వింటున్నాను కాబట్టి నేనూ అదే నమ్మాను. 2022 మే నెలలో నా వంతు వచ్చింది.

మా రెండో బిడ్డ 2020 డిసెంబరులో నెలలు నిండకముందే పుట్టింది. కిలోన్నర బరువు. పందొమ్మిది రోజులు వెచ్చని పెట్టెలో ఉంచారు. మా వైపు రెండో కాన్పు అంటే దానితో పాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అని అర్థం, ఎవరూ విడిగా అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని పెళ్లయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళేనని తేలింది. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. నా విషయంలో మాత్రం డాక్టరే "ముందు ఈ బిడ్డ గట్టిపడనీ, ఆపరేషన్ ఎక్కడికీ పోదు" అని ఆపారు. అప్పటి నుంచి నిరోధ్‌తో నెట్టుకొచ్చాం. ఇంట్లో ఉన్నప్పుడు వాడటం, లేనప్పుడు దేవుడి మీద భారం వేయడం. అలా భారం వేసిన ఒక నెలలో నెలసరి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఆ తొమ్మిది రోజుల్లో నేను పాడుచేసిన జాకెట్లు మూడు. బిడ్డకు అప్పటికి పాలు మాన్పించాను. గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్ టీ మాట, అదే మా వాళ్ళు లూప్ అనేది, ఆశా కార్యకర్త ఎత్తితే వెంటనే సరేనన్నాను.

అది పెట్టిన ఆసుపత్రి పేరు రాయను. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు, తొందరలో ఉన్నారు. ఆ పూట మేము పద్నాలుగు మందిమి బల్ల మీద కూర్చున్నాం. నా పేరు పిలిచాక లోపలికి వెళుతూ నర్సమ్మతో, "నెల రోజులుగా తెల్లబట్ట కాస్త ఎక్కువగా అవుతోంది, పచ్చగా కూడా ఉంది" అన్నాను. "ఎండలమ్మా, అందరికీ అవుతుంది" అంది. కడపలో మే నెలలో ఎండ మీదికి తోసేస్తే ఏ నేరమైనా నిలబడుతుంది. ఇంకో ప్రశ్న లేదు, పరీక్ష లేదు. ఎక్కించారు, పెట్టారు, దింపారు. ఐదు నిమిషాలు.

పెట్టే ముందు ఆ పొట్లం నా చేతికిచ్చి చూడమన్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. వృత్తి బుద్ధి పోదు కదా, నేను కంటితోనే కొలిచాను. అడ్డం అంగుళంబావు, నిలువు అంగుళంన్నరకు కాస్త తక్కువ. తర్వాత చదివితే 32 మిల్లీమీటర్లు, 36 మిల్లీమీటర్లు అని తెలిసింది, నా కన్ను తప్పలేదు. తెల్లని ప్లాస్టిక్ కాడకు చుట్టిన సన్నని రాగి తీగ, రెండు చేతులకూ రాగి తొడుగులు. దాని పేరులోని 380 అనే అంకె రాగి పరచుకున్న వైశాల్యమట, చదరపు మిల్లీమీటర్లలో. ఆ రాగి వల్లే వీర్యకణాలు పనికిరాకుండా పోతాయి. పదేళ్లు పనిచేస్తుంది. కింద రెండు దారాలు వేలాడుతున్నాయి. అవి నూలు కావు, పట్టు కావు, చేపల గాలానికి కట్టే దారంలా ఒంటి పోగువి. ఈ దారం సంగతికి మళ్ళీ వస్తాను.

పన్నెండో రోజు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. మిషన్ తొక్కుతుంటే కుడివైపు ఎవరో లోపలి నుంచి గుచ్చుతున్నట్టు ఉండేది. కరెంటు మోటారు పెట్టుకుని కూర్చున్నా అంతే. తెల్లబట్ట పసుపుపచ్చగా మారి, వాసన వేయసాగింది. మా అత్త బార్లీ నీళ్ళు కాచింది, సబ్జా గింజలు నానబెట్టింది, నడినెత్తిన ఆముదం పెట్టింది. వీధి చివరి ఆర్‌ఎంపీ ఒక సూది వేసి మూడు రోజులకు మాత్రలు ఇచ్చాడు. అతనూ చూడలేదు, అసలు అతను చూసే పనే కాదు అది. మాత్రలు తిన్న రెండు రోజులు నొప్పి తగ్గి, మూడో రోజు జ్వరంతో కలిసి తిరిగొచ్చింది. "ఆ ఇనుప ముక్క తీసిపారేయించు ముందు" అని మా అత్త కేకలు వేసింది. రాగి అని చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

పదహారో రోజు ఏడు రోడ్ల కూడలిలో షేర్ ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఆటో గతుకులో పడినప్పుడల్లా రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకున్నాను. ఓపీ చీటీకి ఒక వరుస, గది ముందు ఇంకో వరుస. రెండున్నర గంటల తర్వాత నా వంతు వచ్చింది. లోపల యాభై ఏళ్ల డాక్టరమ్మ, పక్కన ఇద్దరు పీజీ అమ్మాయిలు. నేను కూర్చోకముందే, "కాపర్ టీ తీసేయండి మేడమ్" అన్నాను.

"తీయడం నిమిషం పని. ముందు ఏమైందో చూడనీ" అన్నారావిడ.

ఆ మాట చెప్పిన మొదటి మనిషి ఆవిడే. ముందు మూత్రం పరీక్ష చేయించారు. కాపర్ టీ ఉండగా గర్భం రావడం అరుదే, వస్తే మాత్రం అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ కాబట్టి, నొప్పి అని వచ్చినవాళ్ళకు ముందు ఆ అనుమానం తీర్చుకుంటారట. గర్భం లేదు. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, బాతు ముక్కులా తెరుచుకునే స్పెక్యులం పెట్టి, దీపం వెనక నుంచి చూశారు. పీజీ అమ్మాయిలకు చూపిస్తూ, "గర్భాశయ ముఖద్వారం చూడండి, ఎర్రగా ఉంది, చీము కనిపిస్తోంది, దారాలు సరైన చోటే ఉన్నాయి" అన్నారు. ఆ తర్వాత పరికరం తీసి, వేలితో ఆ ముఖద్వారాన్ని ఇటు నుంచి అటు కదిపారు. నేను అరిచిన అరుపు బయట వరుసలో ఉన్నవాళ్ళు విన్నారని తర్వాత తెలిసింది. ఆవిడకు కావలసింది ఆ అరుపేనట. అలా కదిపితే నొప్పి పుడితే గర్భసంచికీ ట్యూబులకీ వాపు వచ్చిందని అర్థం. స్కానింగ్‌లో చీము గడ్డ లేదని తేలాక నా జబ్బుకు పేరు పెట్టారు: కటి భాగపు వాపు, పీఐడీ.

"అయితే ఇది కాపర్ టీ వల్లే కదా?" అన్నాను.

ఆవిడ జవాబు అంత సూటిగా లేదు. ముఖద్వారం వరకు ఉన్న క్రిములు మామూలుగా పైకి పోలేవు, అక్కడి చిక్కని జిగురు అడ్డుపడుతుంది. కాపర్ టీ పెట్టే గొట్టం ఆ జిగురును దాటుకుని పైకి వెళుతుంది. కింద అప్పటికే ఇన్ఫెక్షన్ ఉంటే గొట్టంతో పాటు అదీ పైకి చేరుతుంది. "పెట్టకముందే పచ్చగా అవుతోందని చెప్పావుగా? ఆ రోజు చూసి, మందులిచ్చి, తగ్గాక పెట్టాల్సింది" అన్నారు.

ఇంటికొచ్చాక దీని గురించి ఫోనులో వెతికి చదివాను, అర్థం కానివి తర్వాతి సారి ఆవిడనే అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వివిధ దేశాలలో 22 వేలకు పైగా ఆడవాళ్ళకు పెట్టిన లూపుల లెక్కలు చూసింది, 1992లో అవి అచ్చయ్యాయి. మొత్తం మీద ఈ వాపు వచ్చినవాళ్ళు చాలా తక్కువ, వెయ్యి మంది ఏడాది పాటు వాడితే ఇద్దరు కూడా లేరు. అయితే పెట్టిన మొదటి ఇరవై రోజులలో ఆ ముప్పు తర్వాతి రోజులకంటే ఆరు రెట్లకు పైగా ఉంది. నా పన్నెండో రోజు సరిగ్గా ఆ ఇరవైలో పడింది. ఆ ఇరవై దాటాక లూప్ ఉన్నవాళ్ళకు కొత్తగా ఈ జబ్బు రావడం చాలా అరుదు. నేను ఆ అంకెలు చదువుతూ వరుసలో నాతో కూర్చున్న పద్నాలుగు మందినీ తలచుకున్నాను. మిగతా పదముగ్గురికి ఏమీ అయి ఉండదు. వాళ్ళకు కింద ఏమీ లేదు కాబట్టి చూడకపోయినా చెల్లిపోయింది.

ఇక తీసేయడం గురించి. నేను ఊహించనిది ఇక్కడే జరిగింది. ఆవిడ తీయలేదు. మందులు మొదలుపెట్టి మూడో రోజు రమ్మన్నారు. తగ్గుముఖం పడితే అలాగే ఉంచుదాం, తగ్గకపోతే అప్పుడు తీద్దాం అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పద్ధతి ఎవరికి తగునో ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలతో పట్టిక వేసిందట. ఒకటి అంటే నిశ్చింతగా వాడవచ్చు, నాలుగు అంటే వాడనే కూడదు. ఈ వాపు ఉన్నప్పుడు కొత్తగా లూప్ పెట్టడానికి నాలుగు. అప్పటికే లోపల ఉన్నదాన్ని కొనసాగించడానికి రెండు. ఒకే జబ్బుకు, ఒకే పరికరానికి రెండు అంకెలు. మా అత్తకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "ముల్లు ఉంచి పుండుకు మందు రాస్తారా?" అంది. ఆవిడ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఇక్కడ పుండు ముల్లుకంటే ముందే ఉంది.

ఒక సూది వేసి, పద్నాలుగు రోజులకు డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్ రాశారు. ఈ రెండో మాత్ర నోరంతా తుప్పు పట్టిన గిన్నె నాకినట్టు చేస్తుంది. చిక్కని రాగి సంగటి, పప్పు తప్ప ఏదీ సహించలేదు. మూడో రోజుకు జ్వరం పోయింది, నడవగలిగాను. కాపర్ టీ లోపలే ఉండిపోయింది.

ఇంకా ఒక మందు మిగిలింది. అది నాకు కాదు, మా ఆయనకు. ఒక పూటలో మింగాల్సిన మాత్రలు. "ఆయన వేసుకోకపోతే నీ పద్నాలుగు రోజులూ వృథా" అన్నారు డాక్టరమ్మ. మా ఇద్దరికీ హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు కూడా రాశారు.

ఈ భాగం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా ఆయన కడప బండలకు పాలిష్ పట్టే చోట పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తెల్లని రాతిపొడి ఉంటుంది. మంచి మనిషి. మాత్రల సంగతి చెబితే, "నాకేం లేదు కదా, నేనెందుకు మింగాలి?" అన్నాడు. ఆ తర్వాత ఒక నిమిషం ఆగి, "ఏమనుకుంటున్నావు నువ్వు?" అన్నాడు. నేను ఏమనుకుంటున్నానో నాకే తెలియదు. డాక్టరమ్మను అంతకు ముందే అడిగాను, ఇది ఆయన నుంచే వచ్చిందా అని. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇది కోర్టు కాదమ్మా" అన్నారు. కొన్ని క్రిములు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఇద్దరిలో ఎవరిలోనైనా దాక్కుని ఉంటాయట. కొన్నిసార్లు ఆడవాళ్ళలో మామూలుగా ఉండే క్రిములే హద్దు మీరి పైకి పోతాయట. ఎప్పుడు, ఎవరి నుంచి అనేది ఏ పరీక్షా చెప్పదు. కాబట్టి ఇద్దరికీ మందు. ఆ రాత్రి సంగటి పళ్ళెం పక్కన మాత్రలు, నీళ్ళ చెంబు పెట్టి నేను మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ, మాత్రల రేకు ఖాళీ. రక్త పరీక్షలు ఇద్దరికీ బాగానే వచ్చాయి. అడగాలనుకున్న ప్రశ్నను నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

తర్వాత ఒకటి గమనించాను. నిరోధ్ మానేసిందీ, కాపర్ టీ పెట్టించుకుందీ ఒకే వారంలో. గర్భం రాకుండా ఆపే పద్ధతులు ఎన్ని ఉన్నా, ఇన్ఫెక్షన్‌ను కూడా అడ్డుకునేది నిరోధ్ ఒక్కటే. మేము ఒక కాపలా తీసేసి ఇంకో కాపలా పెట్టుకున్నామని అనుకున్నాం. రెండో కాపలా చూసే వాకిలి వేరు.

ఇప్పుడు దారం సంగతి. నయమయ్యాక ఫోనులో లూపుల చరిత్ర చదువుతుంటే 1970ల మొదట్లో అమెరికాలో అమ్మిన డాల్కన్ షీల్డ్ అనే పరికరం గురించి కనిపించింది. దాని దారం ఒంటి పోగు కాదు. సన్నని పోగులు వందల కొద్దీ కలిపి, పైన ఒక తొడుగు వేశారు. దీపం ఒత్తి నూనెను పైకి పీల్చినట్టు ఆ పోగుల మధ్య నుంచి తేమ, తేమతో పాటు క్రిములు గర్భసంచిలోకి ఎక్కాయి. ఎందరో ఆడవాళ్ళు జబ్బు పడ్డారు, కొందరు చనిపోయారు. 1974లో అక్కడ దాని అమ్మకం ఆపేశారు. నేను అది చదివి లేచి వెళ్ళి ఒక ఎంబ్రాయిడరీ దారం, ఒక నైలాన్ దారం ముక్క తీసుకుని రెండింటి కొనలనూ రంగు నీళ్ళ గ్లాసులో వేలాడదీశాను. టీ తాగి వచ్చేసరికి ఎంబ్రాయిడరీ దారం జానెడు ఎత్తు ఎరుపెక్కింది. నైలాన్ దారం నీళ్ళకు పైన పొడిగానే ఉంది. లూప్ అంటే గర్భసంచి కుళ్ళిపోతుందనే మాట మన ఊళ్ళ దాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు, ఆ దారం వేరు, నా లోపల ఉన్న దారం వేరు అన్నది మాత్రం ఆ గ్లాసులో చూశాను.

కథ అక్కడితో అయిపోలేదు. అక్టోబరులో మళ్ళీ తెల్లబట్ట మొదలైంది. ఈసారి నొప్పి లేదు, జ్వరం లేదు. పలుచగా, బూడిద రంగులో, నెలసరి అయిన వెంటనే చేపల నీచు వాసన. నేను సిగ్గుతో రోజుకు మూడుసార్లు సబ్బుతో, క్రిమిసంహారక ద్రవం కలిపిన నీళ్ళతో లోపలి దాకా కడుక్కునేదాన్ని. కడిగేకొద్దీ వాసన పెరిగింది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ముక్కు కదిపితే చాలు, నా గుండె జారేది.

ఈసారి వారం కూడా ఆగకుండా వెళ్ళాను. డాక్టరమ్మ ఒక చిన్న పసుపు కాగితం ముక్కను లోపలి తడికి తాకించి నాకు చూపించారు. అది రంగు మారింది. మామూలుగా అక్కడ పులుపు ఉండాలి. పులుపు తగ్గేకొద్దీ ఆ కాగితం చూపే అంకె పెరుగుతుంది; అది 4.5కు మించకూడదు, నాది 5 దాటింది. పెరుగు తోడేసే క్రిముల జాతివే అక్కడా ఉంటాయట, లాక్టోబాసిల్లై. అవి పులుపును తయారుచేస్తూ చెడు క్రిములను పెరగనివ్వవు. "నీ తోడు విరిగింది" అన్నారావిడ నవ్వుతూ. ఎందుకు విరిగిందంటే రెండు కారణాలు చెప్పారు. కాపర్ టీ వల్ల నాకు నెలసరి నాలుగు రోజుల నుంచి ఏడు రోజులకు పెరిగింది, రక్తానికి పులుపు ఉండదు, అది ఎక్కువ రోజులు పోతే లోపలి పులుపు తగ్గుతుంది. కాపర్ టీ వాడేవాళ్ళలో ఈ రకం తెల్లబట్ట ఎక్కువని కొన్ని అధ్యయనాలలో కనిపించింది కూడా. రెండో కారణం నేను. సబ్బుతో, మందు నీళ్ళతో కడిగి ఉన్న కాస్త తోడునూ చంపుకున్నాను. "బయట మామూలు నీళ్ళు చాలు. లోపల అది తనను తానే కడుక్కుంటుంది" అన్నారు. ఏడు రోజులు మళ్ళీ ఆ తుప్పు రుచి మాత్రలే. వాసన నాలుగో రోజుకు పోయింది.

ఇంతకాలం మేము తెల్లబట్ట అనే ఒక్క మాటలో ఎన్ని కలిపేశామో ఆ రోజు లెక్కపెట్టాను. నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా సాగేది జబ్బే కాదు. విరిగిన పాల ముక్కల్లా ఉండి, మంట, దురద పుట్టించేది ఫంగస్. నీచు వాసన వేసేది నాకు అక్టోబరులో వచ్చింది. పచ్చగా చీములా వచ్చేది మే నెలలోది. మందులు దేనికదే వేరు. ఆర్‌ఎంపీ దగ్గర మాత్రం అన్నింటికీ ఒకటే పొట్లం.

ఆ రోజు గదిలో జనం తక్కువగా ఉన్నారు. నేను ధైర్యం చేసి, "ఇది వద్దు, వేరేది ఇవ్వండి" అన్నాను. ఆవిడ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చారు. రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తాయి, నెలసరి తగ్గిస్తాయి, అండాశయ, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ల ముప్పు కూడా తగ్గుతుంది. అయితే ఐదేళ్లు దాటి వాడేవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కాస్త పెరుగుతుంది, కాబట్టి ముఖద్వారాన్ని పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. బీపీ ఉన్నవాళ్ళకు అవి తగవు. అంతర సూది మూడు నెలలకోసారి, నెలసరి తప్పిపోవచ్చు లేదా చుక్క చుక్కగా ఎప్పుడు పడితే అప్పుడు రావచ్చు. ఛాయ మాత్రలో హార్మోన్ స్టెరాయిడ్ లేదు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన శాస్త్రవేత్తలే కనిపెట్టింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. నాలాంటిది వారాలు గుర్తుపెట్టుకుంటుందా అన్నదే అనుమానం. పండగ జాకెట్ల గడువులే నేను మర్చిపోతాను.

"ఆపరేషన్?" అన్నాను.

"ఆపరేషన్‌కూ తెల్లబట్టకూ సంబంధం లేదు. ట్యూబులు ఎక్కడో పైన ఉంటాయి" అన్నారు. నేను నమ్మలేదు. మా కుట్టు గదిలో పదేళ్ల సాక్ష్యం ఉంది నా దగ్గర.

చివరికి కాపర్ టీనే ఉంచుకున్నాను. వేరే ఏదీ నచ్చక కాదు. దాని ముప్పు రోజులు దాటేశాను, మిగిలింది రక్తం ఎక్కువ పోవడం ఒక్కటే. హిమోగ్లోబిన్ 9.2 ఉంటే ఐరన్ మాత్రలు, నెలసరి రోజుల్లో వేసుకోవడానికి రక్తస్రావం తగ్గించే మాత్రలు రాశారు. నిరుడు చూపిస్తే 11 దాటింది. నెలసరి ఐదు రోజులకు దిగింది. దారం గుచ్చుకుంటోందని మా ఆయన ఒకసారి అంటే, డాక్టరమ్మ దాన్ని ఇంకా పొట్టిగా కత్తిరించలేదు. పొట్టి దారం మొనదేలి ఇంకా గుచ్చుతుందట. కొనను ముఖద్వారం పక్కకు వంచి పెట్టారు. నేను హెమ్మింగ్ దారాన్ని లోపలికి మడిచినట్టే.

నా పదేళ్ల సాక్ష్యం 2024 ఏప్రిల్‌లో తిరగబడింది. మైదుకూరు దగ్గరి పల్లెలో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, ఉగాది దాటాక మా ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉంది. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, చేతులు పచ్చగా పండి ఉన్నాయి. ఆమెకు ఇరవై రెండో ఏట, రెండో కాన్పులోనే ఆపరేషన్ అయింది. నాలుగేళ్లుగా తెల్లబట్ట, ఒక్కోసారి భార్యాభర్తలు కలిశాక రక్తపు చుక్కలు. "ఆ రోజు ఆపరేషన్‌లో ఏదో నరం కోశారు" అనేది ఆమె నమ్మకం. నరం మాట పక్కన పెట్టి, కలిసిన తర్వాత రక్తం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ లక్షణాన్ని ఊరికే వదలకూడదని డాక్టరమ్మ గది గోడ మీది బొమ్మ కింద రాసి ఉంది. రెండు రోజులు బతిమాలి తీసుకెళ్ళాను.

నా డాక్టరమ్మే. వదినను కూర్చోబెట్టి అడిగారు.

"ఇంతకు ముందు ఎవరైనా లోపల చూశారా?"

"చూశారమ్మా."

"ఎప్పుడు?"

"మా చిన్నవాడు పుట్టినప్పుడు."

"వాడికి ఇప్పుడు ఎన్నేళ్లు?"

"పోయిన నెల పదో తరగతి పరీక్షలు రాశాడు."

డాక్టరమ్మ ఏమీ అనలేదు. చీటీ మీద ఏదో రాసుకున్నారు. నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. కాపర్ టీ పెట్టుకున్నందుకు నేను రెండేళ్లలో ఆరుసార్లు ఆ బల్ల ఎక్కాను. ఆపరేషన్ అయిన మా వదినకు ఆసుపత్రితో పని తీరిపోయింది, పదహారేళ్లు ఎవరూ చూడలేదు. ఆమె ఒక్కతే కాదు, నా గదిలో జాకెట్టు కొలతలిచ్చి ఆపరేషన్‌ను తిట్టిపోసిన వాళ్ళంతా అంతే. పద్ధతి ఆగిపోలేదు, చూడటం ఆగిపోయింది.

ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పలుచని ఆమ్లం దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూశారు. క్యాన్సర్‌కు ముందు దశ ఏదైనా ఉంటే అక్కడ తెల్లని మచ్చ తేలుతుంది. ముప్పై దాటిన ఆడవాళ్ళందరికీ ఐదేళ్లకోసారి ప్రభుత్వ ఆసుపత్రులలో చేయాల్సిన పరీక్షే ఇది. ఆ ఒక్క నిమిషం వదిన నా చేతి గాజులు నొక్కేసినంత గట్టిగా పట్టుకుంది. మచ్చ తేలలేదు. ముఖద్వారం ఎర్రగా వాచి, దూది తాకితే రక్తం వస్తోంది, పాత ఇన్ఫెక్షన్ అన్నారు. కింద సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో ఉచితంగా మందుల పొట్లాలు ఇస్తారు, జబ్బును బట్టి రంగులు. వదినకు బూడిద రంగు పొట్లం వచ్చింది, ఆమె భర్తకు ఇంకొకటి. మూడు నెలలకు మళ్ళీ చూపించుకోమన్నారు.

బయటికొచ్చి కారం దోసె తిన్నాం. వదిన రెండో పొట్లాన్ని సంచిలోంచి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ లోపల పెట్టింది.

"మా తమ్ముడి చేత ఎలా మింగించావు?"

"సంగటి పళ్ళెం పక్కన పెట్టి లేచిపోయాను."

"మా ఆయన సంగటి తినడు" అంది. కాసేపు ఆలోచించి, "మజ్జిగ అయితే తాగుతాడు" అంది.